బుజ్జీ, ముందు ఏ వారమో చూసుకో

చి. సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు రాసి పంపిన ప్రయాణం చూశాను. పది రోజుల్లో ఏడు ఊళ్లా? సగం సెలవు రైళ్లకే సరిపోతుంది. అజంతా, ఎల్లోరాల కోసం ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అని పేరు మార్చారు), ఆపైన జోధ్‌పూర్, జైసల్మేర్ ఉంచుకుని మిగతావి కొట్టెయ్.

అజంతాకి సోమవారం సెలవు, ఎల్లోరాకి మంగళవారం. మేం సరిగ్గా మంగళవారమే ఎల్లోరా వెళ్లి, గేటు బయట జామకాయలు తిని తిరిగొచ్చాం. మీ పెదనాన్న ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు. మర్నాడు మళ్లీ వెళ్లాం. అక్కడి పదహారో గుహ, కైలాస ఆలయాన్ని కింద నుంచి చూసి వచ్చేయకు. పక్కన కొండ మీదికి దారి ఉంటుంది, ఎక్కనిస్తే ఎక్కు. కొండని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చారంటే ఏమిటో అక్కడ నిలబడితే గాని తెలియదు. అజంతా ఒకటో గుహలోకి వెళ్లగానే ఫోను తీయకు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఓ ఐదు నిమిషాలు ఊరికే నిలబడు. గోడ మీది బొమ్మలో పద్మపాణి బోధిసత్వుడి వాల్చిన రెప్పలు అప్పుడు మెల్లగా తేలతాయి.

ఇక బస సంగతి. నాలుగు కమానులు కట్టి, పాత తలుపొకటి బిగించి హవేలీ, అంటే పాతకాలపు పెద్ద మేడ, అని బోర్డు పెట్టేస్తున్నారు. ప్రభుత్వ లెక్కలో హెరిటేజ్ హోటల్ అనిపించుకోవాలంటే 1950కి ముందు కట్టిన భవనమై ఉండాలి. ఎప్పుడు కట్టారో ఫోన్ చేసి అడుగు, మొహమాటపడకు. అసలైన పాత ఇళ్లలో మెట్లు ఎత్తు, ఇరుకు, లిఫ్టు ఉండదు. మీ అత్తగారి మోకాళ్ల కోసం కింది గదే తీసుకో. కిటికీ ముంగిట్లోకి ఉందా, పక్కింటి గోడకేసి ఉందా అన్నది కూడా అడుగు. ఒకచోట మాకు మూడు రోజులూ గోడే దర్శనం.

జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్ కోటకి ఒక పూట పూర్తిగా ఇవ్వు. ఉమైద్ భవన్ రాజభవనంలో హోటల్ గది మన తాహతు కాదు, మ్యూజియం టికెట్ చాలు.

జైసల్మేర్ కోటలోనే దిగుతానన్నావు. నేనైతే వద్దంటాను. 1156లో వెలసిన ఎడారి కోట అది, ఇప్పటికీ లోపల కాపురాలున్నాయి. హోటళ్లూ ఇళ్లూ వాడిన నీళ్లు కిందికి ఇంకి పునాదుల్ని మెత్తబరుస్తున్నాయి. కోట కింద ఊళ్లో దిగి, పొద్దున్నే పైకి నడువు. సాయంత్రం మేడ మీద కుర్చీ వేసుకుంటే కోటంతా పసుపు ముద్దలా కనిపిస్తుంది. లోపల ఉన్నవాళ్లకి ఆ అందం ఎక్కడిది!

టికెట్లు తీసే ముందు తేదీలు నాకు పంపు. మంగళవారం ఎక్కడ పడిందో చూసి చెప్తాను.

మీ పెద్దమ్మ