బర్మా సిపాయి వేషానికి వెబ్బింగ్ కట్టే ముందు

చిరంజీవి రవికి పెదనాన్న ఆశీస్సులు.

మిలటరీ మాధవరం కుర్రాళ్ల మీద మీ కాలేజీలో నాటకం వేస్తున్నారని, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సీన్ల కోసం నువ్వు 37 ప్యాటర్న్ వెబ్బింగ్, అంటే సిపాయి తన సామాను ఒంటికి తగిలించుకునే 1937 నమూనా నూలు పట్టీల సెట్టు, కుట్టిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నేను మిలటరీలో చేరిన కొత్తలో మాకిచ్చిందీ ఆ తరహా సామానే. అందుకే ఈ ఉత్తరం.

ముందు అది ఎలా పనిచేస్తుందో తెలుసుకో. నడుముకు బెల్టు, దానికి ముందువైపు రెండు పెద్ద పౌచ్‌లు. భుజాల మీదుగా వెళ్లి వీపు మీద ఒకదాన్నొకటి దాటే రెండు పట్టీలు, వీటినే బ్రేసులంటారు. వీపున హావర్‌సాక్ అనే చిన్న సంచి, పక్కన నీళ్ల బాటిల్. హావర్‌సాక్ పట్టీల కొక్కేలు పౌచ్‌ల పైనున్న బకిల్స్‌కే తగిలిస్తారు. దాంతో వీపు బరువు వెనక్కి లాగుతుంటే పౌచ్‌లలోని తూటాలు ముందుకు లాగుతాయి, మనిషి నిటారుగా నడుస్తాడు. ఈ ఆలోచన 1908 ప్యాటర్న్‌లోనే ఉంది. మందమైన నూలు పట్టీతో చేసిన ఆ సెట్టును కోటులా ఒకేసారి తొడుక్కుని, ఒకేసారి విప్పేయవచ్చు. అందులో పది చిన్న పౌచ్‌లు, 150 తూటాలు. 37కి వచ్చేసరికి వాటి బదులు రెండు పెద్దవి పెట్టారు, ఎందుకంటే సెక్షన్ అనే చిన్న దళంలోని బ్రెన్ గన్ (తేలికపాటి మెషిన్ గన్) తూటాల మ్యాగజైన్లను రైఫిల్ సిపాయిలందరూ పంచుకుని మోయాలి. నాకు ఆ మార్పు చాలా నచ్చుతుంది. కాకపోతే బోర్లా పడుకుంటే ఆ పౌచ్‌లు ఒత్తుకుంటాయి. పాకే సీన్ ఉంటే ఆ ఇబ్బంది ప్రేక్షకులకు కనిపించనివ్వు.

నడకను నిటారుగా నిలిపేది ఆ తూటాల బరువే, అందుకే పౌచ్‌లలో కాగితాలు కుక్కకు. కాగితాలతో పౌచ్ ఉబ్బుతుంది గానీ కిందికి లాగదు, నడక అబద్ధమైపోతుంది. యాభై .303 రైఫిల్ తూటాలు దాదాపు కిలోంపావు ఉంటాయి. రెండు వైపులా అంత బరువుకు ఇసుక సంచులు కుట్టించి పెట్టు. బాటిల్లో నిజంగా నీళ్లు పోయించు, లీటరు పైనే పడతాయి. రిహార్సల్ మొదటి రోజు నుంచే ఆ బరువుతో నడిపించు.

కట్టేటప్పుడు ముందు ఖాళీ బెల్టును చొక్కా మీద సరిచెయ్యి. తర్వాత పౌచ్‌లు, ఆ తర్వాత బ్రేసులు. బ్రేసులు పొడవెక్కువైతే బెల్టు తుంటి మీదికి జారుతుంది, కురచైతే చంకలో కోస్తుంది. బరువు వేశాక మళ్లీ ఒకసారి సర్దాలి, ఇది మానొద్దు. భుజం మీద పట్టీ రెండంగుళాల వెడల్పు ఉండాలి. టైలర్ గుడ్డ మిగుల్చుకోవడానికి సన్నగా కత్తిరిస్తానంటే ఒప్పుకోకు.

బర్మాకు తెల్లబారిన ఖాకీ పనికిరాదు, ఆకుపచ్చ పట్టించు. వానకు ఆ నూలు నీళ్లు పీల్చి బరువెక్కేది, కుళ్లిపోయేది. ఆ బాధ చూసే అడవి యుద్ధానికి తేలికైన 1944 నమూనా, అదే 44 ప్యాటర్న్, తయారు చేశారు. కాబట్టి మీ సామాను కొత్తగా మెరవకూడదు, నాలుగు రోజులు వానలో వదిలెయ్యి. పెద్ద ప్యాక్ అవసరం లేదు, పోరాటంలోకి హావర్‌సాక్‌తోనే వెళ్లేవారు.

ఒక కుర్రాడికి పూర్తిగా కట్టాక ఫోటో తీసి పంపు. ముందునుంచి కాదు, వెనకనుంచి. బ్రేసులు దాటే చోటు చూస్తే ఎక్కడ సరిచెయ్యాలో చెప్తాను.

మీ పెదనాన్న