వేరే థెరపీల విద్యార్థులతో కలిసి సేవా పోస్టింగ్‌కి వెళ్లడం దండగా?

ఫిజియోథెరపీ చదువుతున్నాను, ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే థెరపీ), స్పీచ్ థెరపీ వాళ్లతో కలిపి ఇళ్లకు వెళ్లే పోస్టింగ్ వేశారు, ఆ టైమ్ వార్డులో ఉంటే ఇంకో నాలుగు కేసులు చూసేదాన్ని కదా అని ఒక స్టూడెంట్ అడిగారు. వెళ్లండి. కాకపోతే దాన్ని ఎలా నడుపుతున్నారో ముందే కనుక్కోండి.

నా చదువప్పుడు ఇలాగే పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాం. నేను కాలి బలం, బ్యాలెన్స్ చూసి వ్యాయామాలు చెబుతుంటే ఆయన అన్నింటికీ తల ఊపుతున్నారు. పక్కనే కూర్చుని చూస్తున్న స్పీచ్ థెరపీ అమ్మాయి "ఇప్పుడు రాత్రేనా అండీ?" అని అడిగింది, మిట్టమధ్యాహ్నం. దానికీ తల ఊపారు! అఫేజియా (మెదడు దెబ్బతిని భాష పట్టు తప్పడం) వల్ల ఆయనకు మాటలు సరిగా అర్థం కావడం లేదు, మొహమాటానికి అవునంటున్నారు. ఇక నేనిచ్చిన వ్యాయామాల కాగితం ఏం పనికొస్తుంది? ఈలోపు ఓటీ కుర్రాడు ఆయన భార్యతో మాట్లాడి అసలు ఇబ్బంది బాత్రూమ్‌కి సొంతంగా వెళ్లలేకపోవడం అని తేల్చాడు. దాంతో ముగ్గురి ప్లానూ ఒకటైంది. కూర్చుని లేవడం నేను చేయించాను, సీటు ఎత్తు, పట్టుకునే రాడ్ సంగతి అతను చూశాడు, ఒక్కోసారి ఒక్క చిన్న మాట, దానికి తోడు సైగ ఎలా వాడాలో ఆమె మాకూ ఇంట్లోవాళ్లకూ నేర్పింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది కూడా ఇదే: వేర్వేరు వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు కలిసి నేర్చుకోవాలి అని. అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి లెక్చర్ ఇస్తే అది అవ్వదు.

ఇక సేవ సంగతి. అక్కడివాళ్లకు ఏం కావాలో వాళ్లనే అడిగి మొదలుపెట్టారా, మీ బ్యాచ్ వెళ్లిపోయాక ఆ పేషెంట్లను ఎవరు చూస్తారు? ఈ రెండింటికీ జవాబు లేకపోతే అది ఫోటోల కోసం పెట్టే క్యాంపే. లాగ్‌బుక్‌లో కూడా "చాలా తృప్తిగా అనిపించింది" అని రాసి వదిలేయకండి, పక్క థెరపిస్టు వల్ల మీ ప్లాన్‌లో ఏం మారిందో రాయండి.

మార్కులు ఉమ్మడి ప్లాన్‌కి వేస్తారా, విడివిడిగానా అనేది కూడా అడగండి. విడివిడిగా అయితే మాత్రం పరీక్షల టెన్షన్ మొదలవ్వగానే ఎవరి ఫారం వాళ్లు నింపుకోవడమే ఉంటుంది.