ఎస్పీ రోడ్డుకు వెళ్లే ముందు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

కొత్త కంప్యూటర్ బిగించుకోవడానికి ఎస్పీ రోడ్డులో, అదే బెంగళూరు కంప్యూటర్ భాగాల బజారులో, కొంటానని నువ్వు పంపిన విడిభాగాల జాబితా చూశాను. సగం డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పోతోంది. నువ్వు రాసేది సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములు. బిల్డ్, అంటే రాసిన కోడును నడిచే ప్రోగ్రాముగా మార్చే పని, నడిచినంతసేపూ ఆ కార్డు చేతులు ముడుచుకుని కూర్చుంటుంది. గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్ తీసుకుంటే నీ రెండు తెరలకూ చాలు. పేరు చివర ఎఫ్ ఉన్న డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అది ఉండదు. చవక అని అవే అంటగడతారు, చూసుకో.

అసలు కొనడానికి ముందు ఒక పని చెయ్యి. పాత ల్యాప్‌టాప్‌లోనే బిల్డ్ మొదలుపెట్టి, పక్కన యంత్రం ఎంత పనిలో ఉందో గీతల్లో చూపే హెచ్‌టాప్ తెరిచి చూస్తూ ఉండు. కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) గీతలన్నీ నిండిపోతే నీకు కోర్లు కావాలి. అవి ఖాళీగా ఉండి స్వాప్ (ర్యామ్ నిండితే డిస్కును వాడుకోవడం) గీత పెరుగుతూ పోతుంటే ర్యామ్ చాలడం లేదు. చివర ముక్కలన్నిటినీ ఒకే ప్రోగ్రాముగా కలిపే లింకింగ్ దగ్గర ఒక్క గీతే నిండి తక్కినవి ఊరకే ఉన్నాయా? అప్పుడు ఎన్ని కోర్లు కొన్నా దండగే. మోల్డ్ లాంటి వేగమైన లింకర్ పెట్టుకో, పైసా ఖర్చు లేదు. సీక్యాష్ కూడా పెట్టుకో. మారని ఫైళ్లను మళ్లీ కంపైల్ చేయకుండా, అంటే యంత్రభాషలోకి మార్చకుండా, పాత ఫలితాన్నే తెచ్చి ఇస్తుంది. కోడు మార్పులను దాచే గిట్‌లో రోజంతా బ్రాంచీలు (ఒకే కోడుకు వేర్వేరు రూపాలు) మార్చే నీకు అదే పెద్ద ఉపకారం. ఇవి పెట్టాక కూడా విసుగు తీరకపోతే అప్పుడు కొను. కొత్త యంత్రం కొనేవాళ్లలో చాలామంది ఉన్న టూల్స్ అమర్చుకోవడానికి బద్ధకించినవాళ్లేనని నా అనుమానం.

ర్యామ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఆండ్రాయిడ్ మూలకోడును బిల్డ్ చేయడానికి గూగుల్ కనీసం 64 జీబీ ర్యామ్, 400 జీబీ ఖాళీ స్థలం కావాలంటుంది. నీది అంత పెద్ద పని కాదు, 32 చాలవచ్చు. కానీ తర్వాత పెంచాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే రెండు 32లు తీసుకో. డీడీఆర్5 రకం ర్యామ్‌లో నాలుగు స్టిక్కులూ నింపితే వేగం తగ్గించుకోవలసి వస్తుంది.

ఎస్పీ రోడ్డుకు దారి: వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రో పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్, అక్కడ గ్రీన్ లైన్ మారి కేఆర్ మార్కెట్. అక్కడి నుంచి నడకే. మొదటి దుకాణంలోనే కొనేయకు. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామంటారు, ఒప్పుకోకు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరూ రాయించు. రేపు వారంటీ అడిగితే నిన్ను కాపాడేది అదే. పవర్ సప్లై మాత్రం పేరున్న కంపెనీది కొను. మిగిలిన డబ్బుతో యూపీఎస్ తీసుకో. బెంగళూరు కరెంటు సంగతి నీకు వేరే చెప్పాలా?

బిగించేటప్పుడు తొందర వద్దు. ఏఎండీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌లో పిన్నులు మదర్‌బోర్డు వైపే ఉంటాయి, వేలు తగిలితే వంగిపోతాయి. ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుతో కలిపి, నొక్కకుండా దాని బరువుతోనే కూర్చోనివ్వు. ఆ తర్వాతే మీట దించు. అప్పుడు చప్పుడవుతుంది, భయపడకు. పైకి లేచి ఊడివచ్చే ప్లాస్టిక్ మూత దాచిపెట్టు, బోర్డు వారంటీకి పంపాలంటే అడుగుతారు. నాలుగు గళ్ల బోర్డుల్లో ర్యామ్ మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో గడిలో, నాలుగో గడిలో పెట్టాలి. మాన్యువల్ ఒకసారి చూసుకో.

మొదటిసారి స్విచ్ వేశాక తెర కొన్ని నిమిషాలపాటు నల్లగానే ఉండవచ్చు. మెమరీని బోర్డు సరిచూసుకుంటోందన్నమాట. పాడైపోయిందని కంగారుపడి బటన్ నొక్కకు. బొమ్మ వచ్చాక బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెర) ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌పో ఆన్ చెయ్యి. లేకపోతే 6000 వేగమని డబ్బు పోసి కొన్న ర్యామ్ మామూలుగా 4800 దగ్గరే నడుస్తుంది.

మావయ్య