ఏసీ రిమోట్ తెరపై అంకెలు కనిపిస్తున్నా ఏసీ ఎందుకు స్పందించదు?

చాలా సందర్భాల్లో బ్యాటరీలు బలహీనపడటమే దీనికి కారణం. తెరపై అంకెలు చూపడానికి అతి స్వల్ప విద్యుత్తు సరిపోతుంది గానీ, రిమోట్ ముందువైపున్న చిన్న ఎల్‌ఈడీ కంటికి కనిపించని పరారుణ కాంతిని గది అవతలి దాకా పంపాలంటే, బటన్ నొక్కిన ప్రతిసారీ దానికి అనేక రెట్లు ఎక్కువ విద్యుత్తు కావాలి. ఉదాహరణకు, ఏసీకి దగ్గరగా పట్టుకుంటే పనిచేసే రిమోట్ మంచం మీద నుంచి పనిచేయకపోతే, ముందుగా బ్యాటరీలు రెండింటినీ కలిపి మార్చాలి. కొత్తవి వేశాక కూడా స్పందన లేకపోతే, ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు బటన్ నొక్కి చూడవచ్చు. ఎల్‌ఈడీ మెరిస్తే రిమోట్ బాగున్నట్టే (కొన్ని ఫోన్లు ఆ కాంతిని వడకట్టేస్తాయి కనుక, మెరవకపోతే చెడిపోయిందని తేల్చకూడదు). పాత బ్యాటరీలను ఎండలో పెడితే మళ్లీ ఛార్జ్ అవుతాయన్నది అపోహ. వేడికి కాసేపు పనిచేసినా, ఖర్చయిన శక్తి తిరిగి రాదు.