పన్నెండేళ్ల పిల్లకి టర్కీ కోళ్ల వేట తుపాకి

చిరంజీవి రఘుకి,

నీ మెసేజ్ చూశాను. ఈసారి వసంతం సీజన్‌లో టర్కీ కోళ్ల వేటకి నువ్వూ మనవరాలూ టెక్సస్‌లో ల్యానో దగ్గర నేను వేటకి లీజు తీసుకున్న చోటికి వస్తామన్నందుకు సంతోషం. నువ్వు ఫొటో పంపిన 12 గేజ్ తుపాకి మాత్రం పక్కన పెట్టెయ్. అందులో టర్కీ షెల్, అంటే టర్కీ వేట తూటా, పేలిస్తే రెండు రోజులు నా భుజమే సలుపుతుంది. పన్నెండేళ్ల పిల్లకి ఒక్కసారి ఆ దెబ్బ తగిలిందంటే, ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కక ముందే కళ్లు మూసేస్తుంది. ఆ అలవాటు పడితే వదిలించడం నా వల్ల కాదు, నీ వల్లా కాదు.

ముందు గేజ్ అంటే ఏమిటో చెప్తాను, షాపులో తికమక పడకుండా ఉంటావు. ఒక పౌను సీసాన్ని సమానంగా 20 గుండ్లు పోస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో అంత లావు గొట్టం 20 గేజ్. 28 గుండ్లు పోస్తే 28 గేజ్. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. .410 ఒక్కటే ఈ లెక్కలోకి రాదు, అది నేరుగా అంగుళాల్లో గొట్టం కొలత. షెల్ లోపల ఉండే చిన్న గుండ్లు, అంటే పెల్లెట్ల, నంబర్లదీ తలకిందుల లెక్కే, 4 కంటే 9 చిన్నది.

నేను వేట మొదలుపెట్టిన రోజుల్లో .410 పట్టుకుని టర్కీకి బయల్దేరితే నవ్వేవాళ్లు. నవ్వడంలో తప్పు లేదు. అప్పుడు ఉన్నది సీసమే. ఆ సన్న గొట్టంలో పట్టే కాసిని సీసపు పెల్లెట్లతో కాస్త దూరం నుంచి కొడితే పక్షి పడదు, గాయంతో పొదల్లోకి పోయి చస్తుంది. టంగ్‌స్టన్ వచ్చాక సంగతి మారింది. ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు తూగితే, సీసం 11 గ్రాములు, టీఎస్ఎస్ అనే ఈ టంగ్‌స్టన్ రకం 18 గ్రాములు తూగుతుంది. అంత బరువు కాబట్టి, పెల్లెట్ చిన్నదైనా లోపలికి దిగుతుంది. 9వ నంబర్ టీఎస్ఎస్ పెల్లెట్ ఇంచుమించు 5వ నంబర్ సీసం పెల్లెట్ చేసే పని చేస్తుంది. ఫెడరల్ కంపెనీ వాళ్ల మూడంగుళాల .410 షెల్‌లో ఇది ఔన్సులో పదహారింట 13 వంతులు, అంటే 23 గ్రాములు ఉంటుంది. లెక్కేస్తే 290 పెల్లెట్ల దాకా వస్తాయి. ఒకప్పుడు 20 గేజ్‌లో ఔన్సుంపావుకి పైగా 6వ నంబర్ సీసం వేస్తే ఉండే పెల్లెట్లు కూడా ఇంచుమించు అన్నే. అందుకే పిల్ల చేతికి .410 ఇవ్వమని ఈరోజు ధైర్యంగా చెప్తున్నాను.

ధర చూసి మాత్రం గుండె గుభేలుమంటుంది. ఐదు షెల్స్ పెట్టె కొంటే ఒక్కోటి ఆరేడు డాలర్ల నుంచి పది డాలర్ల పైన కూడా పడుతుంది. అయినా సీజన్‌కి నీకు కావలసినవి ఎన్ని? రెండు పెట్టెలు చాలు.

ఇక తుపాకి. మనవరాలికి స్టీవెన్స్ 301 టర్కీ, .410. మధ్యలో మడిచి ఒక్క షెల్ పెట్టుకునే రకం, తేలిక, ధర కూడా తక్కువ. దాని గొట్టం చివర పెల్లెట్లు ఎక్కువ విచ్చుకోకుండా చేసే చోక్‌ని ఫెడరల్ టీఎస్ఎస్‌కి తగ్గట్టే తయారు చేశారు. పైన రెడ్ డాట్, అంటే ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం, బిగించుకోవడానికి పట్టీ ఉంటుంది. ఒక్క షెల్లే ఉండటం లోటు అనుకోకు. రెండో షెల్ ఉందనుకున్నవాడే మొదటిది తొందరపడి కాలుస్తాడు. మడిచి పట్టుకుంటే పేలదని పక్కవాళ్లకి కూడా కనిపిస్తుంది, పిల్లలతో వెళ్లినప్పుడు నాకు అదే ముఖ్యం.

నీకైతే 20 గేజ్ కొనుక్కో. సెప్టెంబర్‌లో పావురాల సీజన్‌కి కూడా అదే పనికొస్తుంది, మామూలు షెల్స్ ప్రతి షాపులో చౌకగా దొరుకుతాయి. మాస్‌బర్గ్ 500 పంపు తుపాకి మంచిది, సేఫ్టీ మీట తుపాకి పైభాగంలో, బొటనవేలికి అందేలా ఉంటుంది. అందులోనే భుజానికి ఆనే బట్ పొట్టిగా ఉండే మోడల్ పేరు బాంటమ్, అంటే చిట్టికోడి. భీమవరంలో పుంజులు చూస్తూ పెరిగిన నాకు ఆ పేరు భలే నచ్చింది. పెద్దయ్యాక పిల్ల దానికి మారొచ్చు. అయితే ఒక మాట, 20 గేజ్ చిన్నదే కదా అని ఔన్సున్నర టీఎస్ఎస్ వేసి తేలిక తుపాకిలో కాలిస్తే అది కూడా గట్టిగానే తంతుంది. 28 గేజ్ ముద్దుగా ఉంటుంది కానీ తుపాకీ ఖరీదు, షెల్స్ కోసం తిరగడం ఒక బాధ. మొదటి తుపాకిగా వద్దు.

కొనే ముందు బ్యారెల్ మీద రాసింది చదువు. షెల్ కూర్చునే గది రెండుంముప్పావు అంగుళాలదైతే, ఆ చాంబర్‌లో మూడంగుళాల షెల్ ఒక్కోసారి పడుతుంది, కానీ పేల్చకూడదు. ఎవరో అటకమీద నుంచి తీసి ఇచ్చిన పాత తుపాకిలో టీఎస్ఎస్ అసలే వద్దు. అది ఉక్కు కంటే గట్టిది. చోక్ మీద టంగ్‌స్టన్‌కి సరే అని రాసి ఉంటేనే వాడు. ఇంకొకటి, 20 గేజ్ షెల్స్ పసుపు రంగులో ఎందుకుంటాయో తెలుసా? అది పొరపాటున 12 గేజ్ తుపాకిలో పడితే జారి గొట్టంలో ఇరుక్కుంటుంది, వెనక చూస్తే ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక 12 షెల్ పెట్టి పేల్చావంటే గొట్టం బద్దలవుతుంది, చేతులు పోతాయి. నా 12, నీ 20 ఒకే ట్రక్కులో ఉంటాయి. ఎవరి షెల్స్ వాళ్ల సంచిలోనే ఉండాలి, జేబుల్లో కలిపితే నేను ఒప్పుకోను.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది, చాలామంది ఎగ్గొట్టేదీ దీన్నే. పెట్టె మీద ఏం రాసినా నమ్మకు, కాగితాన్ని నమ్ము. ఒకే కంపెనీ ఒకే మోడల్ రెండు తుపాకులు కూడా ఒకేలా కొట్టవు. పెద్ద కాగితం కట్టి, మధ్యలో పదంగుళాల సున్నా గీసి, కూర్చునే కాలుస్తాం. వేటలో కూడా కూర్చునే కదా కాల్చేది. తుపాకి ఎటు కొడుతోందో చూడటానికి ముందు చౌక సీసం షెల్స్‌తో దగ్గర నుంచి, తర్వాత టీఎస్ఎస్‌తో 20, 30, 40 గజాల నుంచి. సున్నాలో 100 పెల్లెట్లు ఎంత దూరం వరకు పడితే నీ హద్దు అంత దూరం. 40 గజాల దగ్గర పడినా సరే, పిల్లకి మాత్రం 30 గజాలే. చెవులకి మఫ్, కళ్లకి అద్దాలు మర్చిపోవద్దు. ఆ అమ్మాయి చేత ఖరీదైన షెల్స్ రెండో మూడో కాల్పించు, అంతే. మిగతా ప్రాక్టీసంతా తేలిక షెల్స్‌తోనే.

దూరమే కాదు, మరీ దగ్గరైనా ఇబ్బందే. ఒక ఏప్రిల్‌లో టర్కీ పుంజు నాకు పన్నెండు అడుగుల్లోకి వచ్చేసింది. బిగుతు చోక్ వేశాను, అంత దగ్గర్లో పెల్లెట్లన్నీ కలిపి పిడికిలంత కూడా విచ్చుకోవు. గొట్టం కొసన గురి పూస, అదే బీడ్, మీద నుంచి తల పైకెత్తి చూస్తూ కాల్చాను. దాని తలమీదుగా పోయింది. ఆ పుంజు నన్నొకసారి చూసి నడుచుకుంటూ వెళ్లింది, పరిగెత్తను కూడా లేదు. ఆ సాయంత్రమే రెడ్ డాట్ ఆర్డర్ పెట్టాను.

గురి తల, మెడ మీదే, ఒంటి మీద కాదు. పురి విప్పుకుని ఉన్నప్పుడు మెడ ముడుచుకుని ఉంటుంది, అప్పుడు ఆగాలి. టర్కీ అరుపుని అనుకరించే కాల్‌తో నేను చిన్నగా ఒక చప్పుడు చేస్తాను. ఏమిటా అని మెడ చాస్తుంది, అప్పుడు. ఎరుపు, తెలుపు, నీలం రంగులేవీ ఒంటి మీద ఉండకూడదు, లోపలి టీషర్టు కూడా. మగ టర్కీ తల రంగులు అవే. భుజాల కంటే వెడల్పైన చెట్టుకి వీపు ఆనించి కూర్చోవాలి. అరుపు వినిపించిన వైపు పాకుతూ వెళ్లడం అనే మాటే లేదు, అక్కడ అరుస్తున్నది ఇంకో వేటగాడు కావచ్చు.

కాగితాల సంగతి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. నువ్వు ఇప్పుడే మొదలుపెట్టు, పిల్లతో కూడా చేయించు. లైసెన్స్ మీద టర్కీకి కావలసిన అప్‌ల్యాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ తీసుకో, మన కౌంటీలో ఎన్ని కొట్టొచ్చో ఆ ఏటి రూల్స్‌లో చూసుకో. పిల్లల కోసం ప్రత్యేకంగా వారాంతాలు ఉంటాయి, వాటిలో రద్దీ తక్కువ. నీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి టెన్షన్ లేదు. వస్తానంటున్న నీ ఫ్రెండ్‌ది హెచ్-1బి అన్నావు. ఆ వీసా మీద తుపాకి గానీ షెల్స్ గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. ఊరికే నీ తుపాకి పట్టుకుని ఫొటో దిగుతానన్నా ఇవ్వకు. ముందు లైసెన్స్ తీసుకుని, ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడిగి రమ్మను.

ఇంట్లో తుపాకికి తాళం పెట్టె, షెల్స్‌కి వేరే పెట్టె. ఈ రెండూ తుపాకి కంటే ముందు కొను.

షాపుకి వెళ్లే ముందు ఒక పని చెయ్యి. మనవరాలిని మోచెయ్యి మడవమని, మోచేతి మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా టేపుతో కొలిచి అంగుళాల్లో నాకు పంపు. బట్ ఎంత పొడవుండాలో ఆ కొలతని బట్టి చెప్తాను. మా గరాజ్‌లో కాగితం చుట్ట ఉంది, అది కొనక్కర్లేదు.

బాబాయి