కారు నా స్పీడును ఎవరికైనా చెబుతోందా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా యూరప్‌లో ఉంటున్నాం. ఈమధ్య కొన్న కొత్త కారులో స్పీడ్ లిమిట్ దాటగానే బీప్ మొదలవుతుంది. ఆఫ్ చేసినా, మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. నా స్పీడు వివరాలు పోలీసులకో, ఇన్సూరెన్స్ కంపెనీకో వెళ్తున్నాయా? దీన్ని పూర్తిగా తీయించేయొచ్చా?

జవాబు: బీప్ గురించి భయపడకండి. భయపడాల్సింది వేరే ఉంది, దానికి తర్వాత వస్తాను.

యూరోపియన్ యూనియన్ 2019/2144 నిబంధన ప్రకారం 2024 జులై 7 నుంచి అక్కడ కొత్తగా రిజిస్టరయ్యే ప్రతి కారులోనూ ఈ పరికరం ఉండాల్సిందే. కెమెరాతో రోడ్డు పక్క బోర్డులు చదివో, మ్యాప్ చూసో, రెండూ కలిపో లిమిట్ ఎంతో తెలుసుకుని మిమ్మల్ని హెచ్చరిస్తుంది. ఆ పనంతా కారులోనే జరిగిపోతుంది, మీ స్పీడును పోలీసులకు పంపమని ఆ నిబంధనలో ఎక్కడా లేదు. మీరు దాటాలనుకుంటే దాటనివ్వాలని కూడా అదే నిబంధన చెబుతోంది కాబట్టి, ఓవర్‌టేక్ మధ్యలో కారు మీ చేతిలోంచి పోతుందన్న భయం వద్దు, యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే చాలు. ప్రయాణం మొదలుపెట్టినప్పుడు ఆఫ్ చేసుకోవడం మీ హక్కు. ప్రతి స్టార్ట్‌కీ మళ్లీ ఆన్ అవ్వడం కూడా చట్టం పెట్టిందే, కంపెనీ లోపం కాదు.

పూర్తిగా తీయించడం మాత్రం వద్దు. మీ కారుకు రోడ్డెక్కే ఆమోదం వచ్చింది ఆ పరికరంతో కలిపి. గ్యారేజీలో సాఫ్ట్‌వేర్ మార్పించాక ప్రమాదం జరిగితే, ఇన్సూరెన్స్ వాళ్ల చేతికి మీరే ఒక వాదన ఇచ్చినట్టు. శిక్షలు దేశాన్ని బట్టి మారతాయి, ఈ చిక్కు మాత్రం ఎక్కడైనా ఉంటుంది.

ఇంకోటి. పరికరం ఒక్కోసారి తప్పుగా చదువుతుంది. హైవే మీద వెళ్తుంటే పక్కన దిగే రోడ్డు బోర్డు చూసి 60 అంటుంది, పనులు జరిగేచోట పెట్టిన తాత్కాలిక బోర్డును వదిలేస్తుంది. అయినా ఫైన్ వస్తే 'స్క్రీన్ మీద 80 అని చూపించింది' అన్న మాట నిలబడదు, బాధ్యత డ్రైవర్‌దే. ఇది నాకూ న్యాయంగా అనిపించదు, కానీ ఇప్పటికి చట్టం అంతే.

కారులో ప్రమాదాన్ని రికార్డు చేసే పెట్టె కూడా ఉంటుంది. ఢీకొనడానికి కాస్త ముందు, ఆ సమయంలో, వెంటనే తర్వాత ఉన్న వివరాలే అందులో ఉంటాయి. దాన్ని ఆఫ్ చేయలేరు, కానీ కారు ఎవరిదో పట్టిచ్చే ఛాసిస్ నంబర్ చివరి నాలుగు అంకెలు అందులో ఉండకూడదు.

ఇక అసలు విషయం. మీ వివరాలు బయటికి పోయే దారి బీప్ కాదు, కారు కొన్నరోజు షోరూంలో మీరు ఫోన్‌లో వేసుకున్న కంపెనీ యాప్. 'అంగీకరిస్తున్నాను' అని చదవకుండా నొక్కిన చోటే మీ లొకేషన్, స్పీడు, బ్రేక్ వేసిన తీరు తీసుకోవడానికి అనుమతి ఇచ్చి ఉండొచ్చు. బాగా నడిపేవాళ్లకు ప్రీమియం తగ్గిస్తామనే పాలసీ తీసుకుని ఉంటే అది కూడా చూడండి.

యాప్ సెట్టింగ్స్‌లో మీకు అక్కర్లేని అనుమతులు తీసేయండి. ఇచ్చినంత సులభంగా అనుమతి వెనక్కి తీసుకునే వీలుండాలని యూరోపియన్ యూనియన్‌లో వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే జీడీపీఆర్ చట్టం చెబుతోంది. తర్వాత కంపెనీకి ఒక ఈమెయిల్ రాయండి: నా కారు నుంచి ఏ వివరాలు తీసుకున్నారు, ఎందుకు, ఎవరికి ఇచ్చారు, కాపీ పంపండి అని. ఆ చట్టంలోని 15వ ఆర్టికల్ కింద అడుగుతున్నానని రాస్తే నెలలోపు జవాబివ్వాలి. విషయం క్లిష్టంగా ఉంటే మరో రెండు నెలలు తీసుకోవచ్చు గానీ, ఆ మాట కూడా మొదటి నెలలోనే చెప్పాలి. 'అవి కారు వివరాలు, మీవి కావు' అని తప్పించుకోబోతే ఒప్పుకోకండి. కారు ఛాసిస్ నంబరుతో మనిషిని పోల్చుకోగల స్థితిలో ఉన్నవాళ్లకు అది వ్యక్తిగత సమాచారమేనని యూరోపియన్ యూనియన్ కోర్టు 2023 నవంబరులో తేల్చింది. మీ పేరు మీద అమ్మిన కంపెనీకి ఆ నంబరు మీదేనని తెలుసుగా!

జవాబు రాకపోతే మీరుండే దేశంలోని డేటా రక్షణ అధికారులకు ఫిర్యాదు చేయండి. దానికి ఫీజు లేదు, లాయర్ కూడా అక్కర్లేదు.