జన్యువుకు మౌనమెక్కడిది?

సందేహం: డీఎన్ఏ ప్రతి తయారవుతుండగానే దాన్ని హిస్టోన్ ప్రొటీన్లకు చుట్టడం, కొన్ని జన్యువులు పనిచేయకుండా చూడడం కూడా సాగుతాయని పాఠం చెబుతున్నాను. ఈ రెండోదే ‘జీన్ సైలెన్సింగ్’. ‘జన్యు నిశ్శబ్దీకరణ’ అంటే పిల్లలు నవ్వుతున్నారు. ‘జన్యు మౌనం’ అనవచ్చా?
– ఒక జీవశాస్త్ర అధ్యాపకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: నవ్వినందుకు పిల్లల్ని ఏమీ అనకండమ్మా. దొరికిన ప్రతి మాటకూ ‘ఈకరణ’ తోక తగిలించడం ఈ మధ్య మనకు పట్టిన తెగులు.

మౌనం ముని నుంచి పుట్టింది. అమరకోశం మునిని ‘వాచంయముడు’ అంది. తన మాటను తానే అదుపులో పెట్టుకున్నవాడని అర్థం. జన్యువు ఏ వ్రతమూ పట్టలేదు, దాని నోరు ఇంకెవరో నొక్కారు. ఇక నిశ్శబ్దమంటారా, అది చోటుకు చెప్పే మాట. అర్ధరాత్రి దాటాక మా బీసెంట్ రోడ్డులో ఉంటుందే, అది.

మా బెజవాడ ఇళ్లలో ఫ్యాన్ ‘కట్టెయ్’ అంటాం, మైకు ‘కట్టెయ్’ అంటాం. ఆపడానికి కట్టడమేమిటని ఎవరూ అడగరు. ఈ ‘కట్టు’ తమిళ కన్నడాల్లోనూ ఉన్న పాత ధాతువు. తాళి కడతాం, బాణీ కడతాం, ఇల్లు కడతాం, బాకీ కడతాం. కృష్ణ ఒడ్డున ఉన్నది కరకట్ట. నదికి అడ్డంగా కడితే ఆనకట్ట. ఈ దక్షిణాది మాటనే ఇంగ్లిషువాడు ‘ఆనికట్’ చేసుకుని, 1855లో ఇక్కడ కట్టినదాన్నీ అలాగే పిలిచాడు. 1957లో దాని స్థానంలో వచ్చినదాన్ని మనమే ‘బ్యారేజీ’ అన్నాం. ఆ బాధ నాకింకా తీరలేదు. ఇందులోంచే నిర్మాణమనే అర్థంలో ‘కట్టడం’ వచ్చింది, అదుపు అనే అర్థంలో ‘కట్టడి’ వచ్చింది. కరోనా కట్టడి అని పత్రికలు రోజూ రాశాయి కదా, ఆ మాటే.

సైలెన్సింగ్‌కు నేననే మాట ఈ ‘కట్టడి’యే. మీ పాఠంలోనూ ఈ రెండూ, అంటే హిస్టోన్లకు చుట్టే కట్టడమూ జన్యువుల కట్టడీ, తోబుట్టువులే. డీఎన్ఏ రెండు పేటలు విడిపోయి ప్రతి తయారయ్యే చోట పాత హిస్టోన్లు ఊడతాయి, కొత్తవీ కావాలి. ఏఎస్ఎఫ్1 అనే ప్రొటీన్ హెచ్3, హెచ్4 హిస్టోన్ల జంటను వెంటబెట్టుకొస్తుంది. ఇలాంటి ప్రొటీన్‌ను ‘చాపరోన్’ అంటారు. కొత్త పెళ్లికూతుర్ని అత్తారింట దిగబెట్టి వచ్చే తోడు లాంటిదన్నమాట. 2006లో ఆ మూడింటి ఆకారం బయటపడితే, రెండు జంటలు ఒకదానికొకటి అతుక్కునే చోటును ఏఎస్ఎఫ్1 తానే కప్పి ఉంచుతుందని తెలిసింది. దిగబెట్టేదాకా జంటను ఇంకో జంటతో కలవనివ్వదు! ఆ జంటను సీఏఎఫ్-1 అనే ఇంకో చాపరోన్‌కు అప్పగిస్తుంది. ఆ సీఏఎఫ్-1, ప్రతి తయారీలో డీఎన్ఏ చుట్టూ ఉండే పీసీఎన్ఏ అనే ఉంగరాన్ని పట్టుకుని, అక్కడికక్కడే హిస్టోన్లను దించుతుంది. ఎనిమిది హిస్టోన్ల ముద్దకు 147 బేస్ జతల దారం చుట్టుకుంటుంది. ఈస్ట్‌లో సీఏఎఫ్-1 లేకపోతే క్రోమోజోమ్ కొసల దగ్గరి జన్యువుల మీద పట్టు సడలుతుంది. కట్టడం చెడితే కట్టడీ చెడుతుంది. ఇంత సొంపుగా కుదిరిన మాటను వదిలేసి మునుల జోలికి ఎందుకు?

అన్నట్టు, ఏఎస్ఎఫ్ అంటే ‘యాంటీ సైలెన్సింగ్ ఫంక్షన్’ అట. కణంలో అది మితిమీరితే కట్టు సడలుతుందని ఆ పేరు పెట్టారు. కట్టడానికి సాయపడేదానికి కట్లు విప్పేదని పేరు! పేర్లు పెట్టడంలో తొందర మన ఒక్కరి జబ్బే కాదు.

‘జన్యు కట్టడి’ సంస్కృత మాటకు తెలుగు మాట అతికిన వైరి సమాసమని గొణిగేవారు ఉండవచ్చు. ‘జన్యువుల కట్టడి’ అని రాస్తే ఆ తగాదా ఉండదు. కట్టడి అంటే పూర్తిగా ఆపడం కాదు, అదుపు మాత్రమేనని మీరు అంటే దానికీ ఒప్పుకుంటాను. అప్పుడు ‘జన్యువుల కట్టివేత’ అనండి, నాకది అంత నచ్చదు. పరీక్షలో మాత్రం పక్కన ‘జీన్ సైలెన్సింగ్’ అని కూడా రాయించండి. పేపర్లు దిద్దేవారు నా సమాధానం చదివి ఉండరు.